తువ్వాలుకు ఓపీ చీటీ రాసిన నర్సమ్మకు కఠిన శిక్ష కోరుతూ

ఎర్రదొడ్డిపల్లె,
రాచర్ల మండలం, ప్రకాశం జిల్లా.
తేది: 12-09-2023

విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేయుచున్న శ్రీమతి యేసుమణి గారు ఒక తువ్వాలును రోగిగా నమోదు చేసి, దానికి బి.పి. చూసి, చీటీ రాసి ఇచ్చిన నేరమునకు ఆమెకు తగిన శిక్ష విధించుట గురించి.

సూచిక: దుకాణం రాఘవయ్య సెట్టి గారు పంపుకున్న ఫిర్యాదు, దాని మీద నర్సు గారికి వచ్చిన మెమో.

తమరు వచ్చే గురువారం విచారణకు మా ఊరికి దయచేయుచున్నారని తెలిసి, అంతకు ముందే కొన్ని నిజాలు తమ దృష్టికి తెచ్చుట పౌరుడిగా నా బాధ్యత అని తలచి ఈ క్రింది విధంగా మనవి చేసుకొనుచున్నాను.

1. ముందుగా నేనెవరో. నా పేరు బ్రహ్మం. గిద్దలూరులో బి.కాం. పూర్తి చేసి, రెండేళ్ళుగా గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమగుచున్నాను. ఖాళీగా ఉండుటకును, సిద్ధమగుటకును గల తేడా మా ఇంటిలో నాకొక్కడికే తెలుసు. పై ఫిర్యాదుదారు రాఘవయ్య సెట్టి గారు నాకు నాయన అగుదురు. ఈ అర్జీ ఆయనకు తెలియకుండా, ఆయన దుకాణంలోని కాగితం మీద, ఆయన పెన్నుతోనే వ్రాయబడుచున్నది. ఆయన ఫిర్యాదు కూడా ఆయన చెప్పగా నేనే వ్రాసినాను. ఊళ్ళో అర్జీ భాష తెలిసినవాడిని నేనొక్కడినే. కావున రెండు కాగితాల దస్తూరి ఒకటే అని తమరు కంగారు పడవద్దని ప్రార్థన. నాయన ఫిర్యాదుకు నా సానుభూతి లేదు, నా వ్యాకరణం మాత్రమే ఉన్నది.

2. మా ఊరి వరస పద్ధతి గురించి. ఆరోగ్య కేంద్రం తొమ్మిదింటికి తెరుస్తారు. జనం ఆరింటికే వస్తారు. మూడు గంటలు నిలబడగలిగిన ఒంటికి ఆస్పత్రితో పనేముంది? అందువల్ల మనుషులు గోడ నీడన కూర్చొని, తమకు బదులు వస్తువులను వరసలో పెట్టే ఆచారం మా తాతల కాలం నుంచి ఉన్నది. జ్ఞానయ్య పెదనాయన ఎడమకాలి చెప్పు, మేకలు కాచే తిరుపతయ్య కర్ర, కూలికి పోయే ఆడవాళ్ళ సద్ది క్యారియర్లు, ఏమీ లేనివాళ్ళకు రాయి. ఎవరి రాయి ఏదో వారికి తెలుసు. ఇంతవరకు ఒక్క రాయి కూడా తారుమారు కాలేదు.

ఈ వరసలో నాయన గారి తువ్వాలుకు ప్రత్యేక హోదా ఉండెను. అది ఎప్పుడు వచ్చినా మొదటిదే. దాన్ని చూడగానే చెప్పులు, క్యారియర్లు, కర్ర వెనక్కి జరిగేవి. జరపమని ఎవరూ అనరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నాను, ఒక్క చెప్పు కూడా ఎదురు తిరగలేదు. తువ్వాలు తొమ్మిదింటికి వచ్చును. నాయన దుకాణంలో పొద్దటి బేరాలు ముగించుకొని పదకొండుకు వచ్చును. నడుమ రెండు గంటలు, తువ్వాలు వెనుక ఊరు కూర్చొని యుండును. యేసుమణి గారికి ముందు ఓపీ చూసిన పాత నర్సు గారు ఈ ఆచారమును ఎన్నడూ భంగపరచలేదు. తువ్వాలు లేచేవరకు ఆమె కూడా లేచేవారు కారు.

సదరు తువ్వాలును మోసుకుపోయి పరచే పని నాది. డిగ్రీ తరువాత నేను చేసిన ఏకైక ఉద్యోగం అదేనని మనవి.

3. నేరం జరిగిన విధము. ఆగస్టు పంతొమ్మిది శనివారం పాత నర్సు గారు బదిలీ మీద పోయినారు. అప్పటివరకు లోపల కాన్పులు, టీకాలు, పుండ్లకు కట్లు చూసుకుంటున్న యేసుమణి గారికి ఇరవై ఒకటి సోమవారం నుంచి ఓపీ కూడా అప్పగించినారు. డాక్టరు గారికి రెండు కేంద్రాలు కనుక ఆయన మంగళ, శుక్రవారాలే వస్తారు. సోమవారం తొమ్మిదింటికి ఆమె బయటికి వచ్చి, "ఫస్టు ఎవరు?" అని అడిగినారు.

అందరూ తువ్వాలు వంక చూసినారు. చివరికి ఊరి బయటి ఎస్సీ పల్లెలో ఉండే సువార్తమ్మ నోరు విప్పింది.

"అదేనమ్మా ఫస్టు."

"ఏది?"

"ఆ తువ్వాలు. సెట్టిగారిది."

"సెట్టిగారేడి?"

ఈ ప్రశ్న నన్ను ఉద్దేశించినది గనుక, "వస్తాడక్కా, బేరాలు అయినాక" అన్నాను.

"జబ్బు ఎవరికి బ్రహ్మం? ఆయనకా, దీనికా?"

అయ్యా, ఇక్కడ నేను నోరు మూసుకొని ఉండవలసినది. కానీ కాలేజీలో అలవాటైన నోరు. "ఇప్పటికైతే దీనికే అక్కా" అన్నాను.

"సరే. లోపలికి తీసుకురా."

నేను జోకుకు అన్నాను. ఆమె రూలు ప్రకారం తీసుకున్నారు. ఈ కేసు మొత్తానికి మూలం ఇదే.

4. ఓపీ రిజిస్టరులో ఆమె రాసినవి, నా కళ్ళారా చూచినవి: పేరు: తువ్వాలు, ఎర్ర అంచు. వయసు: రెండేళ్ళు (ముందటేడు దసరాకు కొన్నామని నేనే చెప్పినాను). తండ్రి పేరు: రాఘవయ్య. వెంట వచ్చినవారు: బ్రహ్మం. ఈ లెక్కన అది నాకు తమ్ముడు అగును. బాధ: ఎప్పుడూ నేల మీద పడి ఉండుట. తువ్వాలును చుట్టగా చుట్టి, దానికి పట్టీ కట్టి, గాలి కొట్టి, చెవులకు గొట్టం పెట్టుకొని ఆమె నిజంగానే విన్నారు. బి.పి.: అందలేదు. ఒంటి వేడి: ఎండలో ఉన్నందున నూట మూడు. వైద్యం: సబ్బుతో ఉతికి నీడన ఆరవేయవలెను. సలహా: ఇంకొకరి ముందు పరచరాదు.

ఆధార్ నెంబరు లేనందున ట్యాబులో మాత్రం ఎక్కలేదు. ఆ యంత్రమొక్కటే నిజాయితీగా ఉన్నదని నాయన ఫిర్యాదులో రాయించినారు.

అంతా కలిపి రెండు నిమిషాలు పట్టింది. మా ఊళ్ళో పెద్దమనిషి వంతు రెండు నిమిషాలలో ముగియుట అదే మొదటిసారి. ఆమె తలుపు దగ్గరికి పోయి "నెక్స్ట్" అన్నారు.

5. నెక్స్ట్ సువార్తమ్మ కూతురు దయామణి. ఎనిమిదో నెల. తల్లి భుజం పట్టుకొని వచ్చింది, పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. నర్సు గారు అదే పట్టీని ఆమెకు కట్టినారు. ఈసారి బి.పి. అందింది. నూట డెబ్బై, నూట పది.

"తలనొప్పి ఎప్పటి నుంచి తల్లీ?"

"శనివారం నుంచమ్మా," అన్నది సువార్తమ్మ. "శనివారం కూడా వచ్చినాం."

"మరి చూపించుకోలేదా?"

"తువ్వాలుంది గదమ్మా. సెట్టిగారు వచ్చేసరికి పన్నెండయింది. కలుపు కాడికి పోకపోతే మేస్త్రి రేపు పిలవడు. పోయినాం."

"దీన్ని తీసుకొనా? ఈ కడుపుతోనా?"

"కూసోబెట్టినాలే అమ్మా గట్టు మీద."

నర్సు గారు నా వంక చూడలేదు. సూది మందు వేస్తూనే నూట ఎనిమిదికి ఫోను చేసినారు. బండి వచ్చేదాకా దయామణిని ఎడమ పక్కకు పడుకోబెట్టి, చెయ్యి వదలకుండా కూర్చున్నారు. మార్కాపురంలో ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది, కేజీ తొమ్మిది వందలు. ఇంకొక పూట ఆలస్యమైతే ఇద్దరిలో ఎవరూ ఇంటికి వచ్చేవారు కాదని అక్కడి డాక్టరమ్మ సువార్తమ్మతో అన్నదట.

శనివారం పరచిన తువ్వాలు కూడా నా చేత్తో పరచినదేనని ఇందుమూలముగా తెలియజేసుకొనుచున్నాను. ఈ విషయం ఫిర్యాదులో లేదు. నేనే రాయలేదు.

6. పదకొండుంబావుకు నాయన వచ్చినారు. వారి కాలి బొటనవేలి పక్కన చెప్పు కరచిన పుండు ఉన్నది. చక్కెర జబ్బు వల్ల అది మూడు నెలలైనా మానలేదు. దినం విడిచి దినం యేసుమణి గారే కట్టు కడుతుండిరి. వారు అలవాటుగా తిన్నగా లోపలికి పోయినారు.

"నా వంతు కదమ్మా?"

"మీ వంతు అయిపోయింది అన్నా. ఇదిగో చీటీ."

నాయన కళ్ళద్దాలు పెట్టుకొని చదివినారు. "ఇందులో నా పేరు లేదే?"

"ఉంది చూడండి, తండ్రి అనే చోట."

"ఏందిది? నన్నెప్పుడు చూస్తావు?"

"పద్నాలుగో నెంబరు అన్నా. తిరుపతన్న తరువాత. బెంచీ మీద చోటుంది, కూచోండి."

బెంచీ మీద ఉన్న పల్లె జ్ఞానయ్య పెదనాయన లేవలేదు. కొంచెం జరిగి, పక్కన చేత్తో దుమ్ము తుడిచినాడు. మా ఊళ్ళో దుకాణమూ, పల్లెయూ ఒకే బెంచీ మీద కూర్చున్న సందర్భాలు రెండే: ఆర్టీసీ బస్సు, ఓట్ల నాటి బడి. నాయన కూర్చోలేదు. ఆ కాలితోనే గోడకు ఆనుకొని అరగంట నిలబడినారు. అంతలో తేలు కుట్టిన ఒకామెను మోసుకొస్తే నర్సు గారు ఆమెను ముందు లోపలికి తీసుకుపోయినారు.

"వరస వరస అంటివే, ఆమెకు లేదా వరస?" అన్నారు నాయన.

"ఆమెకు తేలు కుట్టింది, మీకు కోపమొచ్చింది. కోపానికి వరస ఉంది అన్నా. తేలుకు లేదు."

అక్కడున్నవారు నవ్వినారు. నాయన ఎదుట ఆయన అనుమతి లేకుండా జనం నవ్వుట ముప్పై ఏళ్ళలో జరగలేదు. నవ్వినవారిలో నేను లేను (ఉన్నాను). నాయన కట్టు కట్టించుకోకుండా ఇంటికి నడిచి, నన్ను కూర్చోబెట్టి ఫిర్యాదు చెప్పినారు. "సర్కారు రికార్డులో మనిషి కాని దాన్ని రాసి, పరువు గల మనిషిని రాయలేదు" అనే వాక్యం పూర్తిగా వారిదే. బాగున్నదని నేను కూడా ఒప్పుకొనుచున్నాను.

7. విచారణ నాడు తువ్వాలును హాజరుపరచవలెనని మెమోలో ఉన్నది. హాజరుపరచగలము. కానీ మా అమ్మ రామతులసమ్మ గారు చీటీలో రాసిన ప్రకారం దానిని సబ్బుతో ఉతికి నీడన ఆరవేసినారు. వైద్యం పనిచేసినందున రుజువు చెడిపోయినది. క్షమించగలరు.

8. ఈ నేరం వల్ల ఊరికి కలిగిన నష్టములు. ఇప్పుడు వరసలో వస్తువులు లేవు. మనుషులు వస్తున్నారు. "ఇరవై ఏండ్ల నుంచి నా చెప్పు వచ్చేది, ఇప్పుడు నేనే వస్తన్నా" అని జ్ఞానయ్య పెదనాయన అందరికీ చెప్పుకుంటున్నాడు. కూలికి పోయే ఆడవాళ్ళు తొమ్మిదిన్నరకే మందులు తీసుకొని పోతున్నారు. గ్రూప్స్ పుస్తకంలో సామాజిక న్యాయం గురించి పదకొండు పేజీలు చదివినాను. కమిటీలు, కమిషన్లు, పది మార్కుల ప్రశ్నలు అన్నీ ఉన్నవి, బి.పి. పట్టీ గురించి ఒక్క ముక్క లేదు. తువ్వాలుకు, దయామణికి ఒకే పట్టీ కట్టి, ఎవరికి ముందు కావాలో చూసే మనిషి ఒకరు ఉండాలని ఆ పుస్తకం రాసినవారికి తోచలేదు. నాకూ తోచలేదు. నేను తువ్వాలు మోయుటలో ఉంటిని.

9. ఇక అసలు సంగతి. అయ్యా, ఇక్కడి నుంచి భాష కొంచెం తప్పితే మన్నించండి.

ఫిర్యాదు పోస్టు చేసినాక నాయన ఆస్పత్రి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. గిద్దలూరు పోదామంటే పోడు, మార్కాపురం అంటే పోడు. తొమ్మిది రోజులు కట్టు మార్చలేదు. అమ్మ పసుపు పెట్టింది. ఆరో రోజుకు దుకాణంలో వాసన మొదలైంది. కొనడానికి వచ్చినవాళ్ళు ఎండుచేపలు కూడా పెట్టినారా సెట్టిగారూ అని అడిగినారు. మేము ఎండుచేపలు అమ్మము.

పదో రోజు సాయంత్రం ఆరింటికి, డ్యూటీ దిగి, రాచర్ల ఆటో ఎక్కాల్సిన యేసుమణి గారు మా ఇంటి ముందు చెప్పులు విడిచినారు. అప్పటికే ఆమె చేతికి మెమో అంది రెండు రోజులయింది.

"వదినా, కాసిని వేడినీళ్ళు పెట్టు," అన్నారు అమ్మతో.

నాయన మంచం మీద గోడ వైపు తిరిగినాడు. "ఎవరు పిలిచినారు ఈమెను?"

"పుండు పిలిచింది అన్నా. మీరు అట్లనే తిరిగి ఉండండి, నాకు మీ కాలుతోనే పని."

అరగంట శుభ్రం చేసినారు. చచ్చిన చర్మం కోసేటప్పుడు నాయన గోడకేసి "అమ్మా" అన్నాడు. ఆమె "అయిపోయింది నాయనా, అయిపోయింది" అన్నారు, దయామణితో అన్న గొంతుతోనే. పోతూ నాతో అన్నారు: "ఎముక దాకా పోలేదు. ఇంకో వారం ఆగుంటే వేలు తీసేవాళ్ళు, ఆపైన పాదం. దినం విడిచి దినం కట్టు మారాల్సిందే బ్రహ్మం. ఎవరు కట్టినా సరే, మారాలి."

"మీరు వేరే మండలానికి పోతే?"

"పోతే ఎవరో ఒకరు వస్తారులే."

ఎవరో ఒకరు ఇంటికి రారు అయ్యా. నాయన ఎవరో ఒకరి దగ్గరికి పోడు. నేను ఆ చేతులను చూసి నేర్చుకుందామనుకున్నాను, గాజుగుడ్డ మూల పట్టుకోగానే కళ్ళు తిరిగి పడినాను. ఆమె నాకూ నీళ్ళు చల్లినారు. ఆ రోజు నుంచి దినం విడిచి దినం ఆరింటికి ఆమె వస్తున్నారు. నాయన గోడ వైపు తిరుగుతాడు. ఇద్దరూ కేసు మాట ఎత్తరు. పుండు చుట్టూ ఎర్రగా కొత్త చర్మం వస్తా ఉంది.

10. ఫిర్యాదు వెనక్కి తీసుకొమ్మని నాయనను అడిగితిని. పరువు పోతుందన్నాడు. ఫిర్యాదు గెలిస్తే ఆమె పోతుంది, ఆయన కాలు పోతుంది. ఓడితే ఆయన దుకాణంలో తలెత్తుకోలేడు. కావున ఆయన గెలవవలెను, ఆమె పోరాదు. దీనికి నేను మూడు రాత్రులు ఆలోచించి కనుక్కొన్న మార్గం ఏమనగా:

నర్సు గారికి కఠినాతి కఠినమైన శిక్ష విధించండి. పదేళ్ళ పాటు బదిలీ లేకుండా ఎర్రదొడ్డిపల్లెలోనే పనిచేయవలెనని ఉత్తర్వు ఇవ్వండి. ఇది చిన్న శిక్ష అని తమకు అనుమానం రావచ్చును. ఈ ఊళ్ళో బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడును. బస్సు రోజుకు రెండుసార్లు వచ్చును, ఒక్కోసారి అవి రెండూ ఒకేసారి వచ్చును. కరెంటు పోయినప్పుడు కాన్పులు సెల్‌ఫోను వెలుతురులో చేయవలెను. ఇరవై మూడేళ్ళుగా నేను ఇక్కడ ఉన్నాను, ఏ నేరమూ చేయకుండానే. తప్పు చేసినవారిని ఇక్కడికి పంపుట ఆనవాయితీ కాగా, తప్పు చేసినవారిని ఇక్కడి నుంచి పంపేయుట శిక్షాశాస్త్రమునకే విరుద్ధము.

అదనపు శిక్షగా, దినం విడిచి దినం సాయంత్రం ఫిర్యాదుదారు ఇంటికి పోయి, ఫిర్యాదుదారు కాలు పట్టుకొని, కట్టు మార్చవలెనని కూడా రాయించండి. "కాలు పట్టుకొని" అన్న మాట తప్పక ఉండవలెను. నాయన ఆ కాగితాన్ని దుకాణంలో అద్దం కట్టించి పెట్టుకొనును. ఆమెను అడిగితిని, అభ్యంతరం లేదన్నారు. "ఎట్లాగూ పట్టుకుంటున్నది అదే గదా" అన్నారు.

నాకును ఒక శిక్ష వేయండి. తువ్వాలు మోసినందుకు, జోకు వేసినందుకు, ఫిర్యాదు రాసినందుకు. తమరు ఏది వేసినా సరే, నాయనకు మాత్రం తెలియనీయవద్దు.

ఈ అర్జీని చిత్తగించుట తమ పెద్ద మనసుకు వదలి, గురువారం కోసం కాచుకొని ఉన్నాము.

నాయనకు అవిధేయుడు, తమకు మాత్రం పరమ విధేయుడు,
బ్రహ్మం, బి.కాం.

తాజా కలం: కవరు అంటించబోతూ మళ్ళీ విప్పి ఇది రాస్తున్నాను. ఈ రోజు కట్టు మార్చే రోజు. ఆరైంది, ఆరున్నరైంది, ఆమె రాలేదు. నాయన మంచం వాకిట్లోకి వేయించుకొని, కాలు స్టూలు మీద పెట్టుకొని, గోడ వైపు కాకుండా బాట వైపు తిరిగి కూర్చున్నాడు. మూడుసార్లు టైము అడిగినాడు. అమ్మ వేడినీళ్ళు రెండోసారి కాచింది.

"ఏమైందిరా ఆమెకు?" అన్నాడు చివరికి.

"ఆ ఫిర్యాదు ఉంది గద నాయనా, దానికి జవాబు ఇచ్చేదానికి ఒంగోలు పోయినారంట. బస్సు దొరికిందో లేదో," అన్నాను.

నాయన కట్టు మీద వాలిన ఈగను తోలినాడు. తరువాత గొంతు తగ్గించి, నిజంగా కోపంగా, నన్ను అడిగినాడు:

"ఎవడ్రా ఆమె మింద ఫిర్యాదు పెట్టినోడు?"

కనుక్కుని చెప్తానన్నాను. ఏమని చెప్పవలెనో తమరే సెలవియ్యగలరు.